వెనుక వరుసలో మొదలయ్యే తొలి ఎలీట్ రేసు

మౌంటెన్ బైక్ పోటీల గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: జూనియర్ స్థాయి దాటి ఎలీట్, అంటే పెద్దల అగ్రశ్రేణి విభాగంలో మొదటిసారి దిగేవారి సంగతి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను జూనియర్ విభాగంలోను, ఆ తరువాత 23 ఏళ్ల లోపు విభాగంలోను మౌంటెన్ బైక్ క్రాస్ కంట్రీ పోటీల్లో పాల్గొన్నాను. ఆ వయసు దాటిపోయినందున ఈసారి జాతీయ పోటీల్లో ఎలీట్ విభాగంలో దిగవలసి వస్తోంది. సైన్యం, రైల్వే జట్లలో ఏళ్ల తరబడి తొక్కుతున్నవారి పక్కన నిలబడాలంటే ఇప్పటి నుంచే గుండెల్లో దడగా ఉంది. మొదటి ల్యాప్‌లోనే ప్రాణం పెట్టి తొక్కి ముందున్న గుంపులో కలిసిపొమ్మని స్నేహితులు చెబుతున్నారు. తొందరపడకుండా మొదలుపెట్టమని మా కోచ్ గారు అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఎన్నో స్థానంలో వస్తే పరవాలేదనుకోవచ్చు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకుందాం; అది తేలితే మొదటిది దానంతట అదే తేలుతుంది. తొలి ఎలీట్ రేసులో ఫలానా స్థానం వస్తే చాలని నేను చెప్పను. ఆ రోజు మీకు దక్కే స్థానంలో మీ కాళ్ల బలానికి ఎంత వాటా ఉంటుందో, మిమ్మల్ని నిలబెట్టిన వరుసకు కూడా ఇంచుమించు అంత వాటా ఉంటుంది.

క్రాస్ కంట్రీలో, అంటే ఎగుడుదిగుడు మట్టిదారి చుట్టు మీద ల్యాప్‌ల లెక్కన సాగే రేసులో, అందరూ ఒకేసారి బయలుదేరతారు గాని, ఒకే గీత మీద నుంచి బయలుదేరరు. అంతర్జాతీయ పోటీల్లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) ర్యాంకింగ్‌లో పైన ఉన్నవారిని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి ముందు వరుసల్లో నిలబెడతారు. పాయింట్లు లేనివారు మిగిలిన చోట సర్దుకోవలసి ఉంటుంది. ప్రపంచ కప్ రేసుల్లో వరుసకు ఎనిమిది మంది చొప్పున నిలబెడతారు. పైగా అక్కడ ప్రధాన రేసుకు ముందు షార్ట్ ట్రాక్ అనే చిన్న రేసు ఒకటి జరుగుతుంది, దాని ఫలితాన్ని బట్టి ప్రధాన రేసు ముందు వరుసలు నిర్ణయమవుతాయి, ఆ చిన్న రేసులో చోటు దక్కాలన్నా మళ్లీ ర్యాంకే కావాలి. చిన్న విభాగాల్లో గెలుచుకున్న పతకాలు ఈ లెక్కలో పెద్దగా అక్కరకు రావు. కొత్తగా వచ్చినవాడు వెనుక నుంచి మొదలుపెట్టడమే ఈ ఆటలో ఆనవాయితీ, అందులో చిన్నతనం ఏమీ లేదు.

వెనుక నిలబడినందువల్ల జరిగే నష్టం ఎలాంటిదో ఒకసారి దగ్గరగా చూడండి. బయలుదేరే చోట దారి వెడల్పుగా ఉంటుంది. కొన్ని వందల మీటర్ల తరువాత అది కుంచించుకుపోయి, ఒక్క సైకిలు మాత్రమే పట్టే సింగిల్ ట్రాక్‌గా మారుతుంది. ముందున్న పదిమంది వేగం తగ్గకుండానే అందులోకి దూరిపోతారు. ముప్ఫయ్యోవాడి దగ్గరికి వచ్చేసరికి బ్రేకులు పడతాయి. ఆ వెనుకవారు ఒక కాలు నేల మీద ఆనిస్తారు. మొదటి రాళ్ల ఎక్కుడులో ఎవరో ఒకరు గేరు తప్పి ఆగిపోతే, అతని వెనుక ఉన్న వారందరూ దిగి, సైకిలు తోసుకుంటూ నడవవలసిందే. అక్కడ మీ గుండె, మీ ఊపిరితిత్తులు, మీరు ఏడాది పొడవునా చేసిన సాధన ఏవీ పనిచేయవు. క్యూ కదిలే దాకా నిలబడాలి, అంతే. ఇంత చిన్న చోట నిమిషం దాకా పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఆ నిమిషాన్ని బలహీనతగా లెక్కవేసుకుని కుంగిపోవడం ఎంత తప్పో, కోపంతో దాన్ని తరువాతి ల్యాప్‌లోనే తిరిగి లాక్కోవాలని చూడడం అంతకంటే పెద్ద తప్పు.

ఇక రేసు నిడివి సంగతి. యూసీఐ నిబంధనల ప్రకారం జూనియర్ పురుషుల రేసు గంట నుంచి గంటా పదిహేను నిమిషాల దాకా ఉంటుంది. 23 ఏళ్ల లోపు వారికి అది గంటా పదిహేను నుంచి గంటన్నర దాకా సాగుతుంది. ఎలీట్ రేసు గంటా ఇరవై నిమిషాల నుంచి గంటా నలభై నిమిషాల వరకు ఉంటుంది. పెరిగింది పదే పది నిమిషాలు కదా అని అనిపించవచ్చు. అయితే రేసు పొడవునా గుండె వేగం గరిష్ఠంలో 90 శాతం అటూ ఇటూగా ఉండే ఆటలో ఆ పది నిమిషాలూ వచ్చి పడేది చివరి ల్యాప్ మీదే. మొదటి ల్యాప్‌లో దుబారా చేసిన శక్తికి బాకీ కట్టవలసిన సమయం అదే.

ఇప్పుడు మీ స్నేహితుల మాట, కోచ్ గారి మాట పక్కపక్కన పెట్టి చూద్దాం. నా అభిప్రాయంలో కోచ్ గారిదే సరైన మాట, కాకపోతే దానికి చిన్న సవరణ అవసరం. సింగిల్ ట్రాక్ మొదలయ్యే దాకా ఉన్న ఆ వెడల్పాటి దారిలో మాత్రం మొహమాటం లేకుండా తొక్కండి. అక్కడ సంపాదించిన ఐదు స్థానాలు తరువాత క్యూలో పోయే సమయాన్ని బాగా తగ్గిస్తాయి. సింగిల్ ట్రాక్‌లోకి దిగిన మరుక్షణం నుంచి కోచ్ గారు చెప్పినట్లే చేయండి. ఊపిరి సర్దుకోండి, ముందున్న చక్రానికి మరీ అంటుకుపోకుండా దారి కనబడేంత ఎడం ఉంచుకోండి, దాటే అవకాశం కోసం వెడల్పాటి ఎక్కుడు వచ్చే దాకా ఆగండి. ఇరుకు దారిలో ఒక్కరిని దాటడానికి పెట్టే శక్తితో వెడల్పాటి ఎక్కుడులో ముగ్గురిని దాటవచ్చు.

బయలుదేరే క్షణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొత్తవారు ఎక్కువగా తడబడేది అక్కడే. మూడు నిమిషాలు, రెండు, ఒకటి, ముప్ఫై సెకన్లు అంటూ అధికారి సమయాన్ని ప్రకటిస్తూ వస్తారు. చివరగా పదిహేను సెకన్ల లోపు ఎప్పుడైనా రేసు మొదలవుతుందని చెప్పి ఊరుకుంటారు. ఆ పదిహేనులో ఎన్నో సెకనన్నది ఎవరికీ తెలియదు. అప్పటికే ఒక బూటు పెడలుకు బిగిసి ఉండాలి, ఆ పెడలు పై భాగానికి కాస్త ముందుగా ఉండాలి, గేరు మరీ బరువుగా లేకుండా చూసుకుని ఉండాలి. రెండో బూటు మొదటి మూడు తొక్కుళ్లలోనే పెడలుకు తగులుకోవాలి. ఇది వింటే చాలా చిన్న సంగతిగా తోస్తుంది గాని, వెనుక వరుసలో నాలుగు వైపులా మోచేతులు తగులుతుండగా బూటు తగులుకోక జారిపోతే, మీ వెనుక ఉన్నవారు మిమ్మల్ని చుట్టుకుని వెళ్లిపోతారు. రేసుకు ముందు రెండు వారాలు ప్రతి సాధన చివరా ఈ ఒక్క పనిని పది సార్లు చేసి చూడండి.

చివరగా, రేసు అయిపోయాక స్థానానికి బదులు దేన్ని చూసుకోవాలన్నది. మీ ల్యాప్ సమయాలు అడిగి తీసుకోండి. ఉదాహరణకు, మొదటి ల్యాప్ 14 నిమిషాల 50 సెకన్లు, ఆ తరువాతవి వరుసగా 14:10, 14:15, 14:20, 14:25 అయితే, క్యూలో పోయిన సమయాన్ని తీసివేయగా మీరు ఆద్యంతం ఒకే వేగంతో తొక్కారన్నమాట. మొదటి ల్యాప్ 13:30తో మొదలై చివరిది 16:20కి చేరితే మీరు స్నేహితుల మాట విన్నారన్నమాట. ఈ ఇద్దరికీ ఫలితాల పట్టికలో ఒకదాని పక్కన ఒకటి స్థానాలు రావచ్చు. వచ్చే ఏడాది ముందుకు జరిగేది మాత్రం మొదటివాడే.

ప్రశ్న: నేను జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడికి దగ్గరలోని ఆల్బ్‌స్టాట్‌లో 2021లో జరిగిన ప్రపంచ కప్ రేసులో టామ్ పిడ్‌కాక్ అనే కుర్రవాడు ఎంతో వెనుక నుంచి మొదలుపెట్టి ఐదో స్థానంలో వచ్చాడని నా సహోద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. వెనుక వరుస అంత పెద్ద అడ్డంకి అయితే ఇది ఎలా సాధ్యమైంది?
– ఒక పాఠకుడు, స్టుట్‌గార్ట్

జవాబు: పై జవాబుకు మంచి ఎదురు ప్రశ్న ఇది. మీ సహోద్యోగులు చెప్పింది నిజమే. 2021 మే నెలలో ఆల్బ్‌స్టాట్‌లో ఎలీట్ ప్రపంచ కప్ క్రాస్ కంట్రీలో తొలిసారి దిగిన పిడ్‌కాక్, వెనుక వరుసల నుంచి బయలుదేరి ఐదో స్థానంలో నిలిచాడు. ఆ రేసు గెలిచినది ఫ్రాన్స్‌కు చెందిన విక్టర్ కొరెట్జ్‌కీ. సరిగ్గా వారం తరువాత చెక్ రిపబ్లిక్‌లోని నోవె మ్యెస్తోలో పిడ్‌కాక్ ఏకంగా గెలిచేశాడు, అదీ నెదర్లాండ్స్ మేటి రైడరు మాథ్యూ వాన్ డెర్ పూల్ వంటివాడిని దాదాపు నిమిషం వెనుక వదిలేసి. అప్పటికి అతనికి ఇంకా 22 ఏళ్లు నిండలేదు.

అయితే అతను ఏ రకమైన కొత్తవాడో గమనించాలి. సైక్లోక్రాస్‌లో, అంటే బురద, గడ్డి దారుల్లో సాగే సైకిలు రేసుల్లో, జూనియర్ స్థాయిలోను, 23 ఏళ్ల లోపు స్థాయిలోను ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2020లో ఆస్ట్రియాలోని లెయోగాంగ్‌లో 23 ఏళ్ల లోపు మౌంటెన్ బైక్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2021 నాటికి రోడ్డు రేసుల్లో అగ్రశ్రేణి జట్టుకు వృత్తిపరంగా తొక్కుతున్నాడు. అంటే అతని కాళ్లు ఎప్పుడో ఎలీట్ స్థాయికి చేరాయి. మౌంటెన్ బైక్ రేసులు తక్కువగా తొక్కినందువల్ల పాయింట్లు మాత్రం చేరలేదు. అందుకే అతను వెనుక నిలబడవలసి వచ్చింది. ఆల్బ్‌స్టాట్ దారి కూడా అతనికి కలిసివచ్చింది. అది బాగా నిటారైన ఎక్కుళ్లకు పేరుపడ్డ చోటు, బలం ఉన్నవాడు అక్కడ పక్క నుంచి దాటుకుపోవచ్చు. రాళ్లు, వేళ్లతో నిండిన ఇరుకు దారుల్లో అయితే అదే బలానికి అంత ఫలితం దక్కకపోవచ్చు.

ఆ తరువాత జరిగిన కథ ఇంకా ఆసక్తికరం. అదే మే నెలాఖరున సాధనలో ఉండగా ఒక కారు తగిలి అతని కాలర్ బోన్ (మెడకూ భుజానికీ మధ్య ముందువైపు ఉండే ఎముక) విరిగింది. శస్త్రచికిత్స జరిగింది. రెండు నెలలు తిరగకుండానే, జులై 26న టోక్యో ఒలింపిక్స్ రేసులో నాలుగో వరుస నుంచి బయలుదేరి, స్విట్జర్లాండ్‌కు చెందిన మథియాస్ ఫ్లూకిగర్ కంటే 20 సెకన్ల ముందు స్వర్ణం అందుకున్నాడు. అదే రేసులో వాన్ డెర్ పూల్ మొదటి ల్యాప్‌లోనే ఒక పెద్ద బండరాయి మీద నుంచి కింద పడ్డాడు. సాధన రోజుల్లో అక్కడ వేసి ఉంచిన పలక రేసు నాటికి తీసివేశారన్న సంగతి అతనికి తెలియలేదు. కోర్సును చివరిసారిగా ఎప్పుడు చూసుకున్నామన్నది అంతటివాడి రేసునే ముగించగలిగిందంటే, తొలిసారి దిగేవారు రేసు ముందు రోజు సాయంత్రం కోర్సంతా కాలినడకన తిరిగి రావడం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

పిడ్‌కాక్ దారి అందరికీ వర్తించదు. స్విట్జర్లాండ్‌కు చెందిన నీనో షూర్టర్‌ను తీసుకుంటే లెక్క మరోలా కనిపిస్తుంది. 2006లోను 2008లోను 23 ఏళ్ల లోపు ప్రపంచ చాంపియన్, 22 ఏళ్ల వయసులో బీజింగ్‌లో ఒలింపిక్ కాంస్యం, 2009లో కాన్‌బెర్రాలో తొలి ఎలీట్ ప్రపంచ టైటిల్; ఇవన్నీ చూసి ఒలింపిక్ స్వర్ణం ఇక రేపో మాపో అనుకున్నవారికి అది 2016లో రియో దాకా దొరకలేదు. 2012లో లండన్‌లో అతనికి దక్కింది రజతమే. మొత్తం మీద పది ఎలీట్ ప్రపంచ టైటిళ్లు గెలిచినవాడి సంగతి ఇది. నన్నడిగితే, తొలి ఎలీట్ రేసుకు సిద్ధమయ్యే కుర్రవాడి గదిలో పిడ్‌కాక్ బొమ్మ కంటే షూర్టర్ బొమ్మ ఉండడమే మేలు.

ప్రశ్న: మా తమ్ముడు ఈ మధ్య ఎలీట్ విభాగంలో మొదటి రేసు తొక్కాడు. ఇంకా రెండు ల్యాప్‌లు మిగిలి ఉండగానే అధికారులు ఆపి పక్కకు పంపించారు. సైకిలు బాగానే ఉంది, తనూ బాగానే ఉన్నాడు. అయినా ఎందుకు ఆపారో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. వాడు మాత్రం అవమానం జరిగినట్లు అప్పటి నుంచి సైకిలు ముట్టడం లేదు. ఇది శిక్షా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: శిక్ష ఎంత మాత్రం కాదమ్మా, అది ఈ ఆట నిబంధన. దీన్ని 80 శాతం నిబంధన అంటారు. అగ్రస్థానంలో ఉన్న రైడరు మొదటి ల్యాప్‌కు తీసుకున్న సమయంలో 80 శాతాన్ని లెక్కగడతారు. ఎవరైనా రేసులో ముందున్నవాడి కంటే అంతకు మించి వెనుకబడితే, ఆ ల్యాప్ చివర అతన్ని పక్కకు తప్పిస్తారు. అతని పేరు ఫలితాల్లోంచి పోదు. ఎన్ని ల్యాప్‌లు తక్కువ పూర్తి చేశాడన్నది రాసి, ఆ క్రమంలోనే స్థానం ఇస్తారు. రేసు వదిలేసినవారికీ ఇలా ఆపబడినవారికీ పట్టికలో స్పష్టమైన తేడా ఉంటుంది.

ఈ నిబంధనకు కారణం సులువైనదే. కోర్సు నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల చుట్టు. బాగా వెనుకబడినవారిని అలాగే ఉంచితే, ముందున్నవారు ఒక చుట్టు తిరిగి వచ్చి సింగిల్ ట్రాక్‌లో వారిని వెనుక నుంచి అందుకుంటారు. స్వర్ణం కోసం పోరాడుతున్నవాడు, ఒంటరిగా పోరాడుతున్న చివరివాడు ఒకే ఇరుకు దారిలో చిక్కుకుంటే ఇద్దరికీ ప్రమాదమే.

మీ తమ్ముడితో కూర్చుని ఈ చిన్న లెక్క వేయించండి. ముందున్నవాడు మొదటి ల్యాప్ 12 నిమిషాల్లో పూర్తి చేశాడనుకుందాం. అందులో 80 శాతం అంటే 9 నిమిషాల 36 సెకన్లు. మొత్తం ఆరు ల్యాప్‌ల రేసులో చివరి ల్యాప్‌లోకి అడుగుపెట్టనివ్వాలంటే, ఐదు ల్యాప్‌లు ముగిసేసరికి మీ తమ్ముడి నష్టం ఆ గీత దాటకూడదు. అగ్రగామి అదే వేగం కొనసాగించాడనుకుంటే, ల్యాప్‌కు సగటున దాదాపు 1 నిమిషం 55 సెకన్ల దాకా వెనుకబడినా రేసులోనే ఉండవచ్చు. నాలుగో ల్యాప్ చివర ఆపారంటే సగటున ల్యాప్‌కు 2 నిమిషాల 24 సెకన్లకు మించి పోతోందన్నమాట. ఈ రెండింటికీ తేడా ల్యాప్‌కు అర నిమిషం. అందులో క్యూలో పోయినదెంత, దిగుడులో భయంతో బ్రేకు పట్టినందువల్ల పోయినదెంత, నీరసించి పోయినదెంత అని విడదీస్తే, పూడ్చలేనిది అతనికి ఏదీ కనబడదు. తొలి ఎలీట్ రేసుకు నేను ఒప్పుకునే లక్ష్యం ఏదైనా ఉందంటే, చివరి ల్యాప్ గంట వినే దాకా ఆ గీతకు ఇవతల ఉండడమే.

సైకిలు ముట్టకపోవడం గురించి మాత్రం తొందరపెట్టకండి. రెండు వారాల్లో తనే తీసి తుడుచుకుంటాడు.

ప్రశ్న: మా అమ్మాయికి డిసెంబరులో గాని 23 ఏళ్లు నిండవు. అయినా ఈ ఏడాది మొదటి నుంచే ఎలీట్ విభాగంలో పేరు ఇవ్వాలంటున్నారు. ఇది పొరపాటేమో అడుగుదామంటే అమ్మాయి ఒప్పుకోవడం లేదు. ఒకటి రెండు రేసుల్లో బాగా వస్తే చుట్టుపక్కల వాళ్లు చేసే హడావిడి, రాకపోతే వాళ్లు అనే మాటలు తలుచుకుంటే నాకు దిగులుగా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, పొరపాటేమీ లేదు. ఈ క్రీడలో వయసును పుట్టినరోజు నుంచి లెక్కించరు. ఆ సంవత్సరం డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్లు అవుతాయో అదే ఏడాదంతా వర్తిస్తుంది. 19 నుంచి 22 వరకు ఒక విభాగం, 23 నుంచి ఎలీట్. మీ అమ్మాయి పరిస్థితిలోనే ఉన్న ఒకరి ఉదాహరణ చెబుతాను. అమెరికాకు చెందిన కేట్ కోర్ట్‌నీ 1995 అక్టోబరు చివరలో పుట్టారు. 2017లో 23 ఏళ్ల లోపు ప్రపంచ పోటీల్లో ఆమెకు రజతం వచ్చింది. 2018 సంవత్సరానికి నిబంధన ప్రకారం ఎలీట్ అయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని లెంజర్‌హైడేలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే నాటికి ఆమెకు నిండినవి 22 ఏళ్లే. డెన్మార్క్‌కు చెందిన అనికా లాంగ్‌వాడ్ చివరి ల్యాప్‌లో తడబడిన అదను చూసుకుని ముందుకు వెళ్లి, ఎలీట్‌గా తొలి ఏడాదిలోనే ప్రపంచ చాంపియన్ అయ్యారు. 2001లో అలిసన్ డన్‌లాప్ తరువాత ఆ టైటిల్ గెలిచిన అమెరికా మహిళ ఆమే.

ఈ కథను మీ అమ్మాయికి ధైర్యం చెప్పడానికి వాడుకోండి గాని, కొలబద్దగా వాడకండి. మీ దిగులు వెనుక ఉన్న రెండో సంగతికి ఇంకొకరి కథ దగ్గరగా ఉంది. స్వీడన్‌కు చెందిన యెన్నీ రిస్వెడ్స్ 2016లో 22 ఏళ్లకే రియోలో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. ఆ గెలుపు తరువాతి కాలంలో మానసిక కుంగుబాటుకు లోనై పోటీలకు దూరమయ్యారు. ఆ సంగతిని ఆమే బాహాటంగా చెప్పుకున్నారు. తరువాత తన వేగంతో తిరిగి వచ్చి, 2019లో లెంజర్‌హైడేలో ప్రపంచ కప్ రేసు, 2024లో పారిస్‌లో ఒలింపిక్ కాంస్యం గెలిచారు. తొందరగా వచ్చిన గెలుపు కూడా ఒక బరువేనని, ఆ బరువును దించుకోవడానికి ఆట నుంచి పక్కకు జరగడం నామోషీ కాదని ఆమె జీవితమే చూపుతోంది.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. రేసు నుంచి రాగానే ఎన్నో స్థానం అని అడగకండి. దిగుడులో ఎలా ఉంది, తిన్నది అరిగిందా, ఎక్కడ బాగా తొక్కావు అని అడగండి. స్థానం గురించి అడగడానికి బంధువులు ఎలాగూ ఉన్నారు. చుట్టుపక్కల వాళ్ల మాటలకు మీరు జవాబు చెప్పవలసి వస్తే, ఎలీట్‌లో ఇది మొదటి ఏడాది అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. తనకు తానుగా కుంగిపోతున్నట్లు, నిద్ర, తిండి తగ్గినట్లు కొన్ని వారాల పాటు కనిపిస్తే మాత్రం కోచ్ సలహాతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: ఎలీట్ రేసులో ముందు సస్పెన్షన్ మాత్రమే ఉన్న సైకిలుతో దిగితే నవ్వుతారా? రేసు మధ్యలో పంక్చర్ అయితే వేరే సైకిలు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎవరూ నవ్వరు. వెనుక కూడా సస్పెన్షన్ ఉన్న సైకిలు ఇవాళ ప్రపంచ స్థాయిలో ఎక్కువగా కనబడుతున్న మాట నిజమే, రాళ్ల దిగుళ్లలో దానితో అలసట తగ్గుతుందన్నదీ నిజమే. కానీ మీ దగ్గర ఉన్న సైకిలు మీద మీకు నమ్మకం కుదిరి ఉంటే, అప్పు చేసి కొత్తది కొని దానితో అలవాటు పడకుండా దిగడం కంటే పాతదే మేలు. ఆ డబ్బులో కొంత మంచి టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు పెట్టండి.

పంక్చర్ అయితే సైకిలు మార్చడానికి వీలులేదు. ఏ సైకిలుతో బయలుదేరారో దానితోనే గీత దాటాలి. బయటివారి సహాయం, అంటే చక్రం గాని నీళ్ల సీసా గాని, కోర్సులో గుర్తు పెట్టిన ఫీడ్, టెక్నికల్ జోన్లలో మాత్రమే తీసుకోవాలి. ఇంకెక్కడ తీసుకున్నా అనర్హులవుతారు. జోన్‌కు దూరంగా పంక్చర్ అయితే జేబులోని పనిముట్లతో స్వయంగా సరిచేసుకోవాలి, లేదా రిమ్ము మీద మెల్లగా తొక్కుకుంటూ జోన్ దాకా రావాలి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పిడ్‌కాక్‌కు రేసు మధ్యలో ముందు చక్రం పంక్చర్ అయింది. జోన్‌లో చక్రం మార్చుకుని బయటపడేసరికి అర నిమిషానికి పైగా వెనుకబడ్డాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరినే అందుకుంటూ వచ్చి చివరి ల్యాప్‌లో కొరెట్జ్‌కీని దాటి రెండో స్వర్ణం గెలిచాడు. చక్రంతో అతని మనిషి ఆ జోన్‌లో లేకపోతే ఆ వేటకు అవకాశమే ఉండేది కాదు.

కాబట్టి మీతో వచ్చే స్నేహితుణ్ణి ప్రేక్షకుడిగా కాక ఆ జోన్‌లో నిలబెట్టండి. అతని చేతిలో ఉండే అదనపు చక్రాన్ని ముందు రోజే మీ సైకిలుకు బిగించి, బ్రేకు డిస్కు ప్యాడ్లకు రాసుకోకుండా తిరుగుతోందో లేదో, వెనుక చక్రమైతే గేర్లన్నీ పడుతున్నాయో లేదో చూడండి. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ (చిన్న రంధ్రాలను పూడ్చే ద్రవం) ఎండిపోయి ఉంటే కొత్తది పోయించండి. మన ఎండలకు అది త్వరగా గట్టిపడుతుంది. గాలిని నీడలో, రేసుకు గంట ముందు గేజితో కొలిచి పెట్టుకోండి. ఎండలో నిలబెట్టిన సైకిలులో గాలి ఒత్తిడి పెరిగి గేజి ఎక్కువ చూపుతుంది, అది చూసి గాలి తీసేస్తే నీడపట్టు దారిలోకి వెళ్లాక టైరు మెత్తబడి రాయి దెబ్బకు రిమ్ముకు తగులుతుంది.